వెన్ను చూశాం, నోరు చూడలేదు

నమోదు 1. మూడో గుంట, వెలుగు మొదలైన ఆదివారం

నిన్నే అడుగుతున్నాను, ఇది చదువుతున్న తల్లీ, తండ్రీ. నీ ముత్తాత వెన్ను విరిచిన విషాన్ని చిన్న గొట్టంలో పట్టుకొచ్చి, "మీ పిల్ల పళ్లకు పూస్తాను, నోరు తెరిపించండి" అంటే తెరిపిస్తావా?

ఇవాళ మా గుంటలో తెరిపించబోయారు. నేను ఆపాను. ఎందుకు ఆపానో మనుషులుండే ఈ ఆరు గుంటల్లోనూ అందరికీ తెలియాలి. నా దినచర్య ప్రతి గుంటలోనూ తలుపు పక్క పలక మీద కనబడుతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

నన్నెరగని వాళ్లకు: నా పేరు గిద్యోను. ఆరు రోజులు మంచు కరిగించే తొట్టి కాస్తాను, ఏడో రోజు బైబిలు వాక్యం చెబుతాను. రెండూ నాకెవరూ నేర్పలేదు. తొట్టి పని చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. వాక్యం ఆ తొట్టి పక్కనే కూర్చుని, అక్షరం అక్షరం వేలితో తడుముకుంటూ నేర్చుకున్నాను.

రెండు వారాల పెద్దచీకటి పోయి వెలుగు వచ్చిన మొదటి ఆదివారం మాకు వెన్నుచూపు. పిల్లలంతా గోడవైపు తిరిగి నిలబడతారు. నేను ఒక్కొక్కరి మెడ నుంచి నడుము దాకా అరచెయ్యి జార్చి "నిటారు!" అంటాను. సంఘమంతా "స్తోత్రం!" అంటుంది. మిగతా గుంటల వాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. మాకు కాదు. మా ముత్తాతలు భూమి మీద నల్లగొండ వైపు ఊళ్లలో బోరు నీళ్లు తాగి వంగిపోయిన మనుషులు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్. నడివయసుకే మెడ తిరగని వాళ్లు, గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవలేని వాళ్లు. ఆకాశం చూడాలంటే పక్కకు ఒరిగి పడుకుని చూసేవారట, మా నాయనమ్మ చెప్పేది. ఆకాశం చూడలేని ఆ మనుషుల పిల్లల్నే దేవుడు ఏకంగా చంద్రుడి మీదికి తెచ్చి, ఏ మచ్చా లేని మంచునీళ్లు తాగిస్తున్నాడు. ఆ నీళ్లు కరిగించి వడగట్టేది ఈ చేతులే.

వెన్నుచూపు అయ్యాక నర్సు జుబేదా లేచింది. బండి వేసుకుని ఆరు గుంటలూ తిరిగే మనిషి. చేతిలో వేలెడంత గొట్టం, సన్నని కుంచె.

"పూత మందు, పెద్దయ్యా. పోరగాండ్ల పండ్లకు పూస్త. పుచ్చు పట్టకుంట."

"పేరేంది దానికి?"

మా గుంట సంగతి ఆమెకు తెలుసు. అయినా అబద్ధం ఆడలేదు. "ఫ్లోరైడ్" అంది.

అప్పటికే వరుసలో మొదట నిలబడింది సలోమి, చనిపోయిన నా తమ్ముడి కూతురు, బీటుదుంపల తోటలో పనిచేస్తుంది. ఆమె కూతురు కెజియా, ఆరేళ్లది, పిట్టపిల్లలా నోరు బార్లా తెరిచి ఉంది.

"మూయ్ బిడ్డా" అన్నాను. "గట్టిగ మూయ్."

మూసింది.

అప్పుడు నాకు వాక్యం దొరికింది. అరణ్యంలో మారా నీళ్లు చేదైతే దేవుడు తీపి చేసి ఇచ్చాడు. తీపి చేసి ఇచ్చినవాడి దగ్గరికి పోయి, "మాకు ఆ చేదే కావాలి" అని అడుగుతారా? అలా మొదలుపెట్టాను. గోడలు మోగాయి.

"పెద్దయ్యా, జర నా మాట ఇను..."

"నీ మందు సంగతి మా తాతల వంగిన బొక్కల్ని అడుగమ్మా!"

"గట్ల జెప్పు గిద్యోనన్నా!" అని వెనక నుంచి జకరయ్య కేక. తోట కాపరి. వరుస చెదిరిపోయింది. జుబేదా కుంచె తుడిచి పెట్టెలో పెట్టుకుంది. పోతూ పోతూ కెజియా తల నిమిరింది. కోప్పడి ఉంటే బాగుండేది నాకు.

నమోదు 2. తరువాతి ఆదివారం

రెండో గుంట నుంచీ ఐదో గుంట నుంచీ కబురు. నా మొదటి నమోదు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి గుంట తలుపుకు అంటించారట. జుబేదా బండి వస్తే తలుపు తీయలేదట. ఐదో గుంట బోధకుడు, "అన్నా, నీ మాట గొడ్డలే" అని రాశాడు. సంతోషించాను. దాచుకోవడం ఎందుకు, రెండుసార్లు చదువుకున్నాను.

ఈ వారం జల్లెడలు మార్చాను. గని నుంచి వచ్చిన మంచులో దుమ్ము ఎక్కువ. మూడుసార్లు వడగట్టి, చివరి లోటా నేనే తాగి చూశాను. ఏ రుచీ లేదు. ఏమీ లేకపోవడమే మా నీళ్ల గొప్ప.

ఇవాళ వాక్యం బాగా పారింది. జకరయ్య చెయ్యెత్తి, "ఇయ్యాల మూడు వత్తులు!" అని అరిచాడు. బయటి వాళ్లకు అర్థం కాదు, చెబుతాను. మా దగ్గర తల్లులు నూలు వత్తిని బీటుపాకంలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. వాక్యం మొదలవగానే పిల్లల నోట్లో పెడతారు. తీపి అయిపోయే దాకా పిల్ల కదలదు, మెదలదు. వత్తి తెల్లబడితే ఇంకోటి. నా ప్రసంగం పొడవును మా వాళ్లు వత్తుల్లో కొలుస్తారు. ఒక వత్తి అంటే నాకు జలుబు చేసిన రోజు. మూడు వత్తులంటే ఆత్మ దిగిన రోజు.

ఒక చిన్న సంగతి. మా పాటకు మొదటి చరణం ఎత్తేది కెజియానే. ఇవాళ పైస్థాయికి పోయేచోట ఆపేసింది. ఎడమ చెంప పట్టుకుంది. వత్తి ఇస్తే కుడివైపు పెట్టుకుని, నాలుకతో దూరంగా నెట్టింది.

"పన్ను నొస్తుందా బిడ్డా?"

తల ఊపింది. నోరు తెరవలేదు.

"పాలపన్ను గదా. ఊడితే కొత్తది వస్తది" అని నవ్వి, ఓదార్పుగా ఇంకో వత్తి నా చేత్తో నేనే ఇచ్చాను. అది తీసుకుని నా వైపు చూసిన చూపు ఇది రాస్తుంటే పదే పదే కళ్లముందుకు వస్తోంది. ఎందుకో తెలియదు. కాదు, అబద్ధం. ఎందుకో కొంచెం తెలుసు.

నమోదు 3. బుధవారం

సలోమి తొట్టి దగ్గరికి వచ్చింది. పని వేళలో తోట విడిచి రాదు ఆమె.

"పెద్దనాయినా, పిల్ల చెంప వాచింది. అన్నం ముట్టుతలేదు. పొద్దటి సంది ఒళ్లు కాలుతుంది."

"ఉప్పునీళ్లు పుక్కిలింపియ్యి. నేనొచ్చి ప్రార్థన చేస్త."

"ప్రార్థన చేసిన. ఉప్పునీళ్లు పుక్కిలింపిచ్చిన." పాకం మరకల చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. "జుబేదక్కకు కబురు పెడ్దామా?"

నేను తొట్టి కింద మంట సరిచేశాను. మంట బాగానే ఉంది. సరిచేయాల్సింది ఏమీ లేదు.

"రేపటి దాంక చూద్దాం" అన్నాను.

ఎందుకన్నాను? వినండి, వాక్యం చెప్పే నోటితోనే ఇది చెప్పాలి. పిల్ల కోసం అనలేదు. వెన్నుచూపు నాడు తరిమిన మనిషిని ఈ బుధవారం పిలిస్తే రెండో గుంట వాళ్లు ఏమంటారు, ఐదో గుంట గొడ్డలి ఏమవుతుంది, జకరయ్య ఏం కూస్తాడు, ఇదే ఆలోచించాను. సలోమి నా మొహం చదివింది. వయసులో చిన్నదే, కానీ తండ్రి లేకుండా పెరిగిన పిల్లకు పెద్దల మొహాలు చదవడం వస్తుంది.

"సరే పెద్దనాయినా. నువ్వెట్లంటే గట్లనే."

ఆమె పోయింది. నేను మంట సరిచేస్తూనే ఉన్నాను.

నమోదు 4. శుక్రవారం

గురువారం పొద్దున కెజియా వాపు దవడ దాటి గొంతు కిందికి దిగింది. ఉమ్మి మింగలేక గడ్డం మీద కారుతోంది. చూసి నేనే పరుగెత్తాను. ఇక్కడ ఒంటి బరువు తక్కువ, పరుగెత్తితే తల కప్పుకు తగులుతుంది. రెండుసార్లు తగిలింది. గుంటల మధ్య మాట్లాడుకునే తంతి గదిలో నా నోటితోనే జుబేదాను పిలిచాను. ఏ గుంట నుంచి, ఎవరు అని అడగలేదు ఆమె. "పిల్లను పండుకోవెట్టకుండ్రి, కూసోవెట్టుండ్రి. వస్తున్న" అంది. అంతే.

వచ్చింది. సూది వేసింది. చీము తీసింది. పన్ను పీకింది. నేను దీపం పట్టుకున్నాను. సలోమి పిల్లను ఒళ్లో అదిమిపట్టుకుంది. పన్ను చూపిస్తూ జుబేదా మెల్లగా చెప్పింది:

"ఇది పాలపన్ను గాదు పెద్దయ్యా. ఆరేండ్లకు పాలపండ్ల ఎనక కొత్తగ వస్తది. ముసలిదయ్యే దాంక నమలాల్సిన పన్ను. ఇగ రాదు."

ఇగ రాదు. ఈ రెండు మాటలకు నా దగ్గర వాక్యం లేదు.

కొంచెం జ్వరం తగ్గాక కెజియా కళ్లు తెరిచింది. నేను వంగి, "తాతను బిడ్డా. నొప్పి ఉంటే ముందుగాల్నే చెప్పకపోతివి?" అన్నాను. ఇంకా నేను ఆమె తప్పే వెతుకుతున్నాను, చూశారా?

దూది కరిచిపట్టిన నోటితో అంది: "నువ్వే మూయమన్నవ్ గద తాతా. మూసుకున్న."

నేను లేచి గోడవైపు తిరిగాను. వెన్నుచూపులో పిల్లలు నిలబడేది ఆ గోడ దగ్గరే. నా వెన్ను నిటారుగానే ఉంది. ఏం చేసుకోను దాన్ని?

తరువాత జుబేదాను అడిగాను. తగవుకు కాదు, తెలుసుకోవడానికే. "అయితే ఫ్లోరైడ్ విషం గాదా? మా తాతలు ఊకెనే వంగిండ్రా?"

"ఊకెనే ఎందుకు వంగుతరు? మీ తాతలు నిజంగనే నాశనమైండ్రు. వాళ్ల బోర్లల్ల అది మస్తుగుండె. పుట్టిన కాడి నుంచి పొద్దుమాపు తాగిండ్రు, వండుకున్నరు, బొక్కలల్లకు దిగింది. ఇదేమో పెసరగింజంత. మింగెటందుకు గాదు, పన్ను మీద పూస్త. ఏడాదికి రెండు మూడు మాట్ల. పన్ను పైపొర గట్టివడ్తది." గొట్టం మూత తిప్పుతూ నవ్వింది. "పెద్దయ్యా, నువ్వు పప్పుల ఉప్పేసుకుంటవా?"

"ఏసుకుంట."

"డబ్బెడు తింటవా?"

"సస్త."

"మరి ఉప్పు మందా, విషమా?"

ఆమే అంది: "నీ నీళ్లు మంచియే. తప్పు నీళ్లది గాదు. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ సుక్క గూడ లేదు, పిల్లల నోట్లెనేమో ఎప్పుడూ పాకం. పండ్లకు దెబ్బ పడ్తనే ఉంది, కాపు లేదు. అవునూ, ఆ వత్తులెందుకు పెడ్తరు?"

సలోమి తల దించుకుంది. చెప్పాల్సింది నేను. "నా ప్రసంగం కోసం" అన్నాను.

జుబేదా నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. తరువాత ఏడ్చినంత పనైంది ఆమెకు. నాకూ.

మిగతా పిల్లల్ని పిలిపించాను. జుబేదా చూస్తుంటే దీపం నేను పట్టాను. ఇన్నేళ్లుగా ఈ పిల్లల వెన్నులు నా అరచేతికి తెలుసు. ఎవరి ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒక్క నోరు చూడలేదు. వెనక పళ్లలో నల్లని గుంటలు. చిగుళ్ల పక్కన సున్నం రాసినట్టు తెల్లని మచ్చలు.

"నల్లయి దాటిపోయినయ్, ఆటికి వేరే పని జెయ్యాలె" అంది జుబేదా. "తెల్లయి ఇప్పుడిప్పుడే మొదలైనయ్. ఇప్పుడు పూస్తే ఆగుతయ్. మల్ల నేనొచ్చే మాట్లకు ఇయ్యే నల్లగైతయ్."

ప్రవక్తల కాలంలో జనం ఒక సామెత చెప్పుకునేవారు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయని. ఆ సామెత మీద నేను ఎన్నో వత్తులు చెప్పాను. అది పళ్ల గురించి కాదనీ, పాపం గురించనీ చెప్పేవాణ్ని. ఈసారి అది అచ్చంగా పళ్ల గురించే వచ్చి నా ముందు నిలబడింది.

నమోదు 5. ఆదివారం, పెద్దచీకటికి ముందు చివరి వెలుగు

ఇవాళ వత్తులు పెట్టవద్దన్నాను. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పిల్లలు అల్లరి చేస్తరు గదా అయ్యా" అంది ఒకామె. చేయనీ అన్నాను. అల్లరి మొదలయ్యేలోపు ముగిస్తానన్నాను. జకరయ్య చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు, సరిగా విన్నానా అన్నట్టు.

నేను చెప్పింది ఇదే. కెజియా పన్ను నా వల్ల పోయింది. ప్రాణం కూడా పోయేది. నోరు మూయమన్నది నేను, లేకుంటే జుబేదా ఆ వేళే ఆ పన్ను చూసేది. జ్వరంలో ఒక రోజు ఆపింది నేను, అది నా పరువు కోసం. పాకం వత్తి ఇచ్చింది ఈ చెయ్యి. నా తాతల నొప్పి నిజం. ఆ నిజాన్ని పట్టుకుని నేను చెప్పిన మాట తప్పు.

జకరయ్య లేచాడు. ఊరుకుంటాడా?

"పోయిన వెన్నుచూపుకు విషమంటివి. ఇయ్యాల మందంటున్నవ్. నీ దేవుడు గింత జల్దీ మాట మారుస్తడా గిద్యోనన్నా?"

"దేవుడు మార్చలే జకరయ్యా. దేవుడు చెప్పిందో లేదో అడగకుంట చెప్పింది నేను. మార్చుకుంటుంది నేను."

"మరి మారా నీళ్లు?"

"మారా ఒక్కటేనా ఉన్నది? యెరికో గుర్తులేదా? ఊరు మంచిది, నీళ్లు పనికిరానియి. ప్రవక్త ఏం జేసిండు? కొత్త గిన్నెల ఉప్పు తెప్పిచ్చి ఊటల ఏసిండు. నీళ్లల్లకెల్లి తీసేసుడే దేవుని పనని ఇన్నేండ్లు చెప్పిన. ఏసుడు గూడ దేవుని పనే. గా పేజీ నేను తిప్పలే."

"మూడు వత్తుల మాట ముప్పావు వత్తిల జెప్పినవ్" అని జకరయ్య గొణిగి కూర్చున్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. అతని మనవడు మాత్రం కూర్చోలేదు. జుబేదా ముందుకు వచ్చి నోరు తెరిచాడు.

ఆమె పళ్లు తుడిచి, కుంచెతో పూసింది. పసుపు పచ్చని పొర. "ఇయ్యాల పండ్లు తోముకోకు. గట్టియి నమలకు. రేపటికి ఈ పసుపు పోతది." వాడు అద్దం అడిగాడు. చూసుకుని, "థూ, గుమ్మడికాయ పండ్లు!" అన్నాడు. పిల్లలంతా గుమ్మడికాయ పళ్లు కావాలని ముందుకు తోసుకున్నారు. రెండు కుటుంబాలు మాత్రం పిల్లల్ని ఎత్తుకుని వెళ్లిపోయాయి. ఒక తల్లి నా పక్కనుంచి పోతూ, "మాకు మొదటి మాటే మంచిగుంది" అంది. ఆ మొదటి మాట చెప్పింది నేనే. ఆమెను తిట్టే నోరు నాకు లేదు. సాయంత్రం వాళ్ల ఇంటికి పోతాను. రేపూ పోతాను.

ఇకనుంచి మా వెన్నుచూపులో పిల్లలు ముందు గోడవైపు, తరువాత నావైపు తిరుగుతారు. వెన్ను, నోరు. రెండూ చూస్తాను. నల్లది కనబడితే "స్తోత్రం" అనం, నర్సును పిలుస్తాం.

జుబేదా బండి ఇప్పుడే కదిలింది. కెజియా అందులోనే ఉంది, వెనక సీటులో తల్లి ఒడిలో. ఒకటో గుంట ఆసుపత్రిలో ఇంకా కొన్ని రోజులు చూడాలట. పోయేముందు, "తాతా, పాట ఎవరు ఎత్తుతరు?" అని అడిగింది. నువ్వొచ్చే దాకా ఎవరూ ఎత్తరు అన్నాను. మొదటి చరణం లేకుండానే పాడతాం.

ఇప్పుడు మీ సంగతి. రెండో గుంటా, ఐదో గుంటా, వింటున్నారా? ఒకటో గుంటకు పోయే దారి మీ తలుపుల ముందు నుంచే పోతుంది. ఆ బండి ఎండతో నడుస్తుంది. పెద్దచీకటి పడితే మళ్లీ వెలుగు వచ్చే దాకా కదలదు. అంతలో ఏ తెల్ల మచ్చ నల్లబడుతుందో ఎవరికి తెలుసు? పూత మందు ఆ బండిలో ఉంది. అందులో ఒక పిల్ల కూడా ఉంది. నా మాట ఖరీదేమిటో చూడాలనుకున్న వాళ్లు ఆమె చెంప చూడండి.

తలుపుకు అంటించిన నా మొదటి నమోదును చించండి. నేను చెబుతున్నాను, నా చేత్తో రాసిందే, చించండి. ఐదో గుంట తమ్ముడూ, ఆ గొడ్డలి నీ చేతిలో ఉంటే ముందు ఆ కాగితం మీద వెయ్యి. వత్తి పిల్ల నోట్లో ఉంటే ఇప్పుడే తీసెయ్యి. దీపం పట్టుకో. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకో. వెన్ను తరువాత చూద్దువు.

బండి మీ తలుపు తట్టేది ఒక్కసారే, చీకటి పడకముందే. తీయండి. ఇవాళే తీయండి. పిల్లల నోళ్లు తెరిపించండి.